లాన్‌యింగ్ పెద్దమ్మకు ఇచ్చిన కషాయం

చైనాలో మూలికల వ్యాపారానికి పేరుపడ్డ బోజౌ బజారులో మా పెదనాన్న చూ షౌలిన్‌ది తాతల నాటి మూలికల కొట్టు. అందుకే లాన్‌యింగ్ పెద్దమ్మకు రొమ్ము క్యాన్సరని తెలియగానే ఆయన ఆమెను పెద్దాసుపత్రికి తీసుకెళ్ళడం బజారంతా వింతగా చెప్పుకున్నారు. "గడ్డ సంగతి వాళ్ళు చూస్తారు. ఒంట్లో సత్తువ సంగతి నేను చూసుకుంటా," అన్నాడాయన.

ఆపరేషనయ్యింది. కీమో మొదలయ్యాక పెద్దమ్మ జుట్టు కుచ్చులుగా ఊడిపోయింది. వంటింట్లో కూడా ఉన్ని టోపీతోనే తిరిగేది. పెదనాన్నకు అది చూడబుద్ధయ్యేది కాదు. జుట్టు మొలిపిస్తుందని పేరున్న హషోవూ దుంపతో కషాయం కాచి, రోజూ పొద్దున్నే ఇవ్వడం మొదలుపెట్టాడు. డాక్టరుకు చెప్పలేదు.

తర్వాతి కీమోకు నేనూ తోడు వెళ్ళాను. డాక్టర్ గౌ రక్తపరీక్ష చూసి, పెద్దమ్మ కింది రెప్ప లాగి చూసింది. తెల్లగుడ్డు పచ్చగా ఉంది. ఇంట్లో రోజూ చూస్తున్న మాకెవరికీ అది కనబడలేదు.

"ఇవాళ మందు ఎక్కించను. లివర్ బాగా దెబ్బతింది. ఇంట్లో ఇంకేమైనా తాగుతున్నారా?"

పెద్దమ్మ భర్త వైపు చూసింది.

"హషోవూ," అన్నాడు పెదనాన్న.

"అది కొందరికి లివర్ని పాడుచేస్తుంది. కొట్టు నడిపే మీకు తెలియదా?"

"తెలుసు. పచ్చిదే చెడు చేస్తుంది, నల్ల చిక్కుళ్ళతో ఉడికించిన దుంపైతే ఏమీ కాదనుకున్నా."

ఆయన బయటికొచ్చి, బెంచీ ఉన్నా నేల మీదే కూలబడ్డాడు.

"ఇన్నేళ్ళ కాపురంలో నా జుట్టు బాగుందని ఒక్కసారన్నా అన్నావా ముసలోడా? ఇప్పుడు దానికోసం నన్ను పైకి పంపిద్దామనుకున్నావా?" అంది పెద్దమ్మ. నవ్వించాలనే అంది. ఆయన తలెత్తలేదు.

కషాయం ఆపాక లివర్ మెల్లగా కుదుటపడింది. కీమో మళ్ళీ మొదలై పూర్తయ్యింది. నీరసానికి అదే ఆసుపత్రిలోని మూలికల డాక్టరు, గౌతో మాట్లాడాకే, వేరే కషాయం రాసిచ్చాడు. అందులో ఏమేం వేశారో పెదనాన్న కొత్తవాడిలా ఒక్కొక్కటీ అడిగి తెలుసుకున్నాడు.

పెద్దమ్మ ఇప్పుడు బాగానే ఉంది. పెదనాన్న కొట్టు మూయలేదు. ఎవరొచ్చినా ముందు, "ఆసుపత్రి మందులేమైనా వాడుతున్నారా?" అని అడుగుతాడు. వాడుతున్నామంటే డాక్టర్ని అడిగి రమ్మంటాడు. ఇంట్లో మాత్రం పెద్దమ్మకు అల్లం నీళ్ళు కూడా తన చేత్తో ఇవ్వడు. ఆమె అడిగితే, "నువ్వే కాచుకో," అని లేచి వెళ్ళిపోతాడు.