క్యాలెండర్ గారు మార్చని తేదీలు

ఆ లాయరు ఆఫీసు గుమాస్తాని అందరూ క్యాలెండర్ గారు అంటారు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఏ కేసు ఏ రోజుకు వాయిదా పడిందో డైరీ తెరవకుండా చెప్పే మనిషి. క్లయింటు మొహం మర్చిపోతారేమో గానీ తేదీ మర్చిపోరు. "పేరుదేముందండీ, తప్పు పడితే దిద్దుకోవచ్చు. తేదీ తప్పితే కేసే పోతుంది" అంటారు. ఈ కథ ఆయన నాకు ఒకేసారి చెప్పలేదు. మేడ మెట్లు దిగుతూ కొంత, మోకాలు రుద్దుకుంటూ కొంత చెప్పారు.

ఆఫీసు మేడ మీద రెండు గదులు. ముందు గదిలో బల్ల, బెంచీ, బెంచీ కుంటికాలి కింద పాత చట్టాల పుస్తకం. లోపలి గదిలో పెద్ద లాయరు, ఆయన కూతురు చిన్న లాయరమ్మ. ఇప్పుడు మెట్లెక్కే ముందే జనం ఫోనులో లాయరు పేరు కొట్టి చూస్తున్నారని, తండ్రి పేరుతో బ్లాగు పెట్టింది ఆ అమ్మాయే. మొదట్లో సెక్షన్లు, సబ్ సెక్షన్లు రాసింది. చదివినవాళ్లు ముగ్గురు, అందులో ఇద్దరు ఇంట్లోవాళ్లే.

"బాబాయ్, బెంచీ మీద క్లయింట్లకి నువ్వు చెప్తావు చూడు, అదే రాసివ్వు. టైపు నేను చేసుకుంటా."

"నా రాతేంటమ్మా, నాన్నగారి పేరు చెడుతుంది."

"ఇప్పుడు ఎవరికీ తెలియని పేరు చెడేదేముంది?"

ఆయన నోటుబుక్కులో రాసిచ్చారు. కేసు పిలిచేటప్పుడు ఎక్కడ నిలబడాలి, జడ్జి సెలవని ఎవరిని అడిగితే నిజం తెలుస్తుంది, ఇలాంటివి. నెలలో నాలుగు వేలమంది చదివారు. కోర్టు వరండాలో ఎవరెవరో పెద్ద లాయరుతో చేయి కలిపి "ఎంత బాగా రాస్తున్నారండీ" అంటుంటే, ఫైళ్లు మోస్తూ వెనక నడిచేవారు క్యాలెండర్ గారు. లోపల కొంచెం పొంగేవారట. ఆ మాట మాత్రం నా వైపు చూడకుండా చెప్పారు.

ఆ ఆఫీసుకే వచ్చే క్లయింటు ఒక కుట్టు టీచరమ్మ. తండ్రి ఇల్లు సగం పంచమని సొంత అన్న మీద దావా వేసి తొమ్మిదేళ్లయింది. ఒకసారి వాయిదా పడ్డాక బెంచీ మీద కూలబడి అంది:

"అన్నయ్యగారూ, ఇంక నావల్ల కాదు. వెనక గది ఒక్కటిచ్చినా సంతకం పెట్టేసి పోవాలనుంది. సారుకి చెప్పకండి, కోప్పడతారు."

సారుకి చెప్పలేదు. కానీ మనసులోంచి పోలేదు. ఆ వారం బ్లాగుకి అదే రాశారు, కోర్టు చుట్టూ తిరిగి అలిసిపోయిన ఒకావిడ గురించి. జాగ్రత్త పడ్డారు కూడా. టీచరమ్మని నర్సుని చేశారు, ఇంటిని కొట్టు చేశారు, అన్నని బాబాయిని చేశారు. వెనక గది మాట మాత్రం మార్చడానికి చేయి రాలేదు. ఇక ఆవిడ కేసు వాయిదాల్లో ఆరు, ఏ తేదీన ఎందుకు పడిందో, ఉన్నవి ఉన్నట్టే రాశారు. తేదీ మార్చవచ్చన్న ఆలోచనే ఆయనకి రాలేదు.

అప్పటికే అన్న తరఫు లాయరు రాజీకి కబురు పెట్టి ఉన్నాడు, సగం ఇల్లు ఇస్తామని. ఆ సంగతి ఆవిడకి ఇంకా చెప్పలేదు. తీరా రాజీ మాటలకని ఆఫీసుకి వచ్చి, కుర్చీలో కూర్చుని ఫోను బల్ల మీద పెట్టాడు.

"మీ బ్లాగు చదివాను సార్. కళ్లు చెమర్చాయి, మా లాయర్ల గ్రూపులో నేనే పంపాను. తర్వాత ఆ తేదీలెక్కడో చూసినట్టుందే అని నా డైరీ తీశాను. ఆరుకి ఆరూ కలిశాయి. వెనక గది చాలన్నారటగా? మావాడు అంతకంటే ఇవ్వడు."

అతను వెళ్లగానే చిన్న లాయరమ్మ ఆ పోస్టు తీసేసింది. "తీసేశాను బాబాయ్, కానీ అప్పటికే అందరూ దాన్ని ఫొటో తీసుకుని పంపుకున్నారు" అంది. పెద్ద లాయరు కళ్లజోడు తీసి కళ్లు నొక్కుకున్నారు.

"ఆవిడకి ఇదంతా చెప్పకు. వెనక గది ఇస్తామన్నారని నేను చెప్తాను. ఆవిడ కోరిందేగా?"

"చెప్పకుండా ఉండలేను సార్."

"చెప్తే మనమీద ఫిర్యాదు పెడుతుంది."

"పెట్టనివ్వండి."

సాయంత్రం నోటుబుక్కు పట్టుకుని ఆవిడ ఇంటికి వెళ్లారు. ఆవిడ మిషను ముందు కూర్చుని జాకెట్టుకి చేతులు అతుకుతోంది. జరిగింది చెప్పారు. ఆవిడ మిషను ఆపలేదు.

"ఏం రాశారో చదవండి."

చదివారు.

"నర్సునా?" అంది ఆవిడ. "కుట్టుసూదితో బతికేదాన్ని ఇంజక్షను సూదికి పంపించారా!"

ఆయనకి నవ్వాలో వద్దో తెలియలేదు. అప్పుడు మిషను ఆగింది.

"అలిసిపోయానని నేను చెప్పింది మీకు. మా అన్నకి కాదు."

"తప్పయిపోయిందమ్మా."

"అవును, తప్పే." దారం పళ్లతో తెంపింది. "రహస్యంగా అలిసిపోయి ఉంటే ఆ గది తీసుకుని పోయేదాన్నేమో. ఇప్పుడు వాడికి తెలిసింది. తెలిశాక తీసుకుంటే వాడు రోజూ కిటికీలోంచి చూసి నవ్వుతాడు. సగం ఇస్తేనే సంతకం. లేదంటే కేసు నడవనివ్వండని సారుకి చెప్పండి."

"మళ్లీ ఎన్నేళ్లు పడుతుందో అమ్మా."

"అది మీకంటే ఎవరికి బాగా తెలుసు?"

ఫిర్యాదు పెట్టలేదు. క్షమించానని కూడా అనలేదు. రాజీ పోయింది, కేసు మళ్లీ వరసలోకి వచ్చింది. చిన్న లాయరమ్మ బ్లాగుకి రాయమని ఇప్పటికీ అడుగుతుంది. కోర్టులో మంచినీళ్లు ఎక్కడ దొరుకుతాయో, ఏ కౌంటరు ఎప్పుడు తెరుస్తారో, అలాంటివి రాసిస్తున్నారు. మనుషుల గురించి రాయడం మానేశారు. చదివేవాళ్లూ తగ్గారు.

ఆ తర్వాతి వాయిదాకి ఆయన పొద్దున్నే వెళ్లి వరండా బెంచీ మీద ఆవిడకి చోటు ఆపి కూర్చున్నారు. ఆవిడ వచ్చింది. కూర్చోలేదు.

"నోటుబుక్కు తెచ్చారా?"

"లేదమ్మా."

ఆయన చేతిసంచీ వైపు ఒకసారి చూసి, పక్కన కూర్చుంది. కేసు పిలిచేదాకా అలిసిపోయానన్న మాట మాత్రం ఆవిడ నోట రాలేదు.