హోటల్ ముందు పడవ

మా బాబాయి పడవలకు తెరచాపలు కట్టేవాడు. అందరూ ఇంజన్లు పెట్టుకున్నాక ఆయనకు మిగిలిన ఒకే ఒక్క పని, హోటల్ ముందు దిమ్మె మీద అలంకారానికి నిలబెట్టిన పాత పడవకు తాళ్ళు కట్టడం. ఉత్తుత్తినే కట్టమంటే ఆయన చేతులు వింటాయా! తెరచాప కొయ్య ఒరగకుండా పక్క మోకులు, చాపను పైకెత్తే తాడు, గాలివాటుకి తిప్పే తాడు, అన్నీ నిజంగానే బిగించాడు. మధ్యాహ్నం గాలి లేచింది. చాప పొంగి, పడవ దిమ్మె దిగి, మేనేజరు కారు మీద వాలింది.

"ఏంటయ్యా ఇది?"

"ఎంత బాగా లాగిందో చూశారాండీ!" అన్నాడు బాబాయి, సంతోషం ఆపుకోలేక.

దాంతో ఆ పనీ పోయింది. ఇప్పుడక్కడ రేకు తెరచాప పెట్టారు. గాలి ఎటు వీచినా అది ఒకే వైపు ఉబ్బి ఉంటుంది. బాబాయి ఆ వీధి మొహం చూడడు. పెరట్లో బట్టలారేసే తాడు విప్పి, మళ్ళీ బిగిస్తూ కూర్చుంటాడు.

"అవి దుప్పట్లండీ, ఎక్కడికీ తీసుకెళ్ళవు!" అంటుంది పిన్ని.

"తెలుసులేవే" అంటాడు, ముడి వదలకుండా.