సొరబుర్ర రివాజు

నల్లమలలో నడవాలని వనపర్తిలోని చుట్టాలింటి నుంచి కారులో బయలుదేరి, అచ్చంపేట దారిలో ఒక పొలంలోని మెట్లబావి దగ్గర ఆగాం. మావారు, పిల్లలు దూకేశారు. నలభై రెండేళ్లొచ్చినా ఈత రాని నేను గట్టు మీదే కూర్చున్నాను.

అది చూసి, ఆ పొలం యజమానురాలు ఎల్లమ్మ ఎండిన పెద్ద సొరబుర్ర తెచ్చి నా నడుముకు కట్టింది.

“మునిగిపోతానేమో అమ్మా!”

“బుర్ర మునగనియ్యదు బిడ్డా. నా కోడలు గూడ గిట్లనే నేర్సింది.” చీర గోచీ పెట్టి తానూ మెట్లు దిగింది.

గంటలో నాలుగు బారలు ఈదాను. బుర్ర విప్పి ఇస్తుంటే ఎల్లమ్మ నా చేతిలో సొర గింజలు పెట్టింది.

“నేర్సుకున్నోళ్లు ఇంకొకళ్లకు బుర్ర తేవాలె. గిది మా రివాజు.”

ఈ పొద్దున హైదరాబాదులో మా బాల్కనీలో ఆ గింజలు వేసి పెంచిన తీగకు మొదటి పిందె కనిపించింది. దాన్ని కూరకు కోయొద్దని ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పాను.