కత్తి మా ఇంటికి తిరిగొచ్చింది

ప్రభువు ప్రేమించిన సహోదరులారా, అక్కలారా, నేను మిల్లు లైన్ ఇళ్ళలో ఉండే సరోజమ్మను, మాట్లాడడం నాకు రాదు, అయినా ఈ రోజు నోరు మూసుకుని కూర్చోవడం నావల్ల కాదు!

మా ఆయన దొరసామి అంతకుముందే రెండుసార్లు మనుషుల్ని పొడిచి జైలుకు వెళ్ళొచ్చినవాడు, మూడోసారి సారా మత్తులో పక్కింటి మేస్త్రీ రంగసామన్న చేతిని నరికాడు, అన్న ఆ చెయ్యి ఇప్పటికీ సరిగా చాపలేడు. కోర్టులో జడ్జిగారు నన్ను అడిగితే, "వదిలితే మళ్ళీ చేస్తాడు సామీ, లోపలే ఉండనీండి" అని నేనే ఏడుస్తూ చెప్పాను. చాలా ఏళ్ళ శిక్ష పడింది. అది ఎక్కువని నేను ఇప్పటికీ అనను, అన్నేళ్ళు లోపల ఉండకపోతే మా ఆయన దేవుని మాట వినేవాడే కాదు.

జైల్లో ప్రభువును నమ్ముకున్నాడని కబురొచ్చింది. నాకు సంతోషం ఎక్కడిది, భయమే! "దేవా, మారింది నిజమైతే నా కళ్ళకు చూపించు, కాకపోతే నన్నూ నా బిడ్డనూ నువ్వే దాచిపెట్టు" అని మొరపెట్టుకున్నాను.

విడుదలైన రోజు గడప దాటకుండా నిలబడి, "సరోజా, ఇంట్లో కత్తి ఉండాదా? రంగసామన్న ఇంట్లో పెట్టేసి రా. నన్ను నేనే నమ్మేది లేదు, నువ్వెట్ల నమ్ముతావు?" అన్నాడు. అప్పటినుంచి కూర కోయాలంటే పక్కింటికి పోయి కత్తి తెచ్చుకోవడం, కోసి, కడిగి ఇచ్చేయడం, పనికి పిలిచే మిల్లు సంగు, ఆ సైరన్, ఊదేలోపు సద్ది కట్టాలని ఒకటే పరుగు! మా ఆయన సారా కొట్టు వైపు పోకుండా చుట్టు తిరిగి పనికి పోయేవాడు, కోపమొస్తే బయటికెళ్ళి మోకరించేవాడు. మారాడని ఎవరైనా అంటే రంగసామన్న మాత్రం, "చూద్దాంలే" అనేవాడు. అలా ఏళ్ళు గడిచాయి.

ఈ ఉదయం మన కృతజ్ఞతా విందుకు గుమ్మడికాయలు కుప్పగా పోసి ఉన్నాయి, కోసేవాళ్ళు చాలలేదు. మన సంఘం కాకపోయినా సాయానికి వచ్చిన రంగసామన్న, ఆ కత్తి తెచ్చి బాగున్న చేత్తో మా ఆయన ముందు చాపాడు. కత్తిని చేతికిస్తే పోట్లాట వస్తుందని మనవాళ్ళు కింద పెడతారు కదా! మా ఆయన రెండు చేతులూ వెనక్కి తీసుకుని, "కింద పెట్టన్నా, తీసుకుంటాను" అన్నాడు.

"మన పోట్లాట ఎప్పుడో అయిపోయింది, పట్టుకోరా తంబీ. పోయేటప్పుడు ఇంటికి తీసుకుపో."

నా గుండెమీది బరువు దిగిపోయింది సహోదరులారా, మహిమంతా దేవునికే! నాలాగా తలుపు గడియ పెట్టుకుని భయంతో బతికేవాళ్ళు ఇక్కడ ఉంటే, దేవుణ్ణి అడగండి, చూపించమని అడగండి, ఆయన చూపిస్తాడు. ఇక విందుకు కూర్చోండి. గుమ్మడికాయ కూర మా ఆయన కోసిందే, భయం లేకుండా తినండి!