తొలి వల దేవునిది

ప్రియ సహోదరులారా, సహోదరీలారా, చెరువు నిండా రొయ్య ఉండి కొనే దిక్కు లేని రోజులు మీలో చాలామంది చూసినవే. మన రొయ్య మీద అమెరికా సుంకం పెంచిందని టీవీలో చెప్పారో లేదో, భీమవరం కంపెనీలవాళ్లు మా ఫోన్ ఎత్తడం మానేశారు. ఎవరో సముద్రాల అవతల సంతకం పెడితే ఇక్కడ మా గుండెల్లో రాయి పడింది. ఆ పంట పోతే మాది లీజు చెరువు కాబట్టి వదిలేసి, ఇంకొకరి చెరువుకి కాపలా పోవలసిందే.

దానికి తోడు రొయ్య మేత ముట్టడం తగ్గించింది. చుట్టుపక్కల అందరూ మేతలో యాంటీబయాటిక్ కలుపుతుంటే మా ఆయన కూడా ఒక సంచి తెచ్చారు.

"అందరూ వేస్తున్నారు, మనమొక్కళ్లమే మడి కట్టుకుని కూర్చుందామా ఏంటి?" అన్నారు.

మీకు తెలుసు, ప్రతి పంటలో మా తొలి వల రొయ్య సంఘం ప్రేమ విందుకే వస్తుంది. ఆ పద్ధతి నేనెన్నడూ తప్పలేదు, చెప్పుకోవడానికి నాకు గర్వమే.

"మన సంఘం పిల్లలు తినే రొయ్యండీ ఇది, మందు పడనివ్వను" అని గట్టు మీదే మోకరించాను.

"తండ్రీ, ఇది నీ పిల్లల విస్తట్లోకి వచ్చే రొయ్య, నువ్వే కాపాడుకో" అని ప్రార్థించాను. మేత తగ్గించాం, నీళ్లు మార్చాం, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆపలేదు, రొయ్య మెల్లగా తేరుకుంది.

అంతలో మన ప్రభుత్వం వేరే దేశాలతో ఒప్పందాలు చేసుకుంది, అక్కడ మన సరుకు మీద పన్ను తగ్గింది, కొత్త బేరాలు వచ్చాయి. కానీ ఆ దేశాలవాళ్లకి ఏ చెరువు రొయ్యో చెప్పాలి, మందు ఆనవాలు తగిలితే సరుకు దింపుకోరు. కంపెనీవాళ్లు మా వరసలో అన్ని చెరువుల్లోనూ శాంపిల్ తీశారు, పరీక్షలో నిలబడింది మాదొక్కటే. ఆ కబురు విని మా ఆయన వెళ్లి ఆ మందు సంచి కొట్లో తిరిగి ఇచ్చేసి వచ్చారు.

పక్కవాళ్ల సరుకు తప్పిందని నేను సంతోషించలేదు. ఈ పంటకి వాళ్లూ మందు మానేశారు. గుడి మెట్లే తప్ప చర్చి గడప తొక్కని మా పక్క చెరువు రైతు కూడా, "అక్కా, మా తొలి వల కూడా మీ విందుకే తీసుకోండి" అని నిన్న రొయ్య పంపించారు.

ఈ ఘనతంతా దేవునిదే, అందులో కాస్త గర్వం నాకు మిగిల్చినందుకూ ఆయనకే స్తోత్రం. దిక్కు తోచనివాళ్లు ఈరోజే ఆయన మీద భారం వేయండి. నాకు పేరు పలకడం రాని దేశాలకి మా రొయ్య ఓడెక్కి వెళుతుంది. కానీ ముందు తినేది మీరే, బయట విస్తళ్లు వేస్తున్నారు, రండి.