కార్వెట్‌కి పెట్టిన బొట్టు

రాఘవులు ఆ రోజు గొంతు పెంచి ఒక్క మాట అనలేదు. అంత జరిగినా అనలేదు. అందుకే నాకింకా ఒళ్ళు మండుతోంది. డెబ్భై ఆరేళ్ళొచ్చాయి, పుస్తకాలు చదువుకుంటూ ఒక మూల కూర్చునే మనిషిని, నాకెందుకీ ఆవేశం అని సర్ది చెప్పుకుని చూశాను. తగ్గలేదు. కనుక రాస్తున్నాను.

రాఘవులు ఇక్కడ అమెరికాలో, ఎడిసన్‌లో మా వీధిలోనే ఉంటాడు. తెలుగువాళ్ళంటే కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ళే అనుకునే ఊళ్ళో ఆయన ఫ్యాక్టరీ మనిషి. బ్రేకు పార్టులు చేసే చోట ముప్ఫై ఒక్క ఏళ్ళు ఇన్‌స్పెక్టర్‌గా చేశాడు. బోల్టు సరిగ్గా బిగిసిందో లేదో కొలిచి చూసి, బిగిసి ఉంటే దాని మీద ఆకుపచ్చ పెయింటుతో చిన్న చుక్క పెట్టాలి. అదీ ఉద్యోగం. "చుక్క పెట్టానంటే నేను చూశానని. రేపేదన్నా అయితే నన్నడగండి అని" అనేవాడు. చూడకుండా చుక్క పెట్టమని సూపర్‌వైజర్ ఒత్తిడి చేస్తే రెండుసార్లు షిఫ్టు మార్పించుకున్నాడే గాని పెట్టలేదు.

ఆ మనిషి 1995 వసంతంలో కార్వెట్ అనే స్పోర్ట్స్ కారు కొత్తది కొన్నాడు. ముదురెరుపు, రెండే సీట్లు. మావాళ్ళ ఇళ్ళల్లో ఎవరింటికి భోజనానికి వెళ్ళినా అదే వేళాకోళం.

"రాఘవులుగారూ, మీ అమ్మగారొస్తే ఎక్కడ కూర్చోబెడతారండీ, బానెట్ మీదా?"

ఆయన నవ్వి ఊరుకునేవాడు. జవాబు ఆయన భార్య నళిని చెప్పేది. "మా అత్తగారొస్తే ఆవిడకి నా సీటిచ్చి నేను బస్సెక్కుతాను. మీకెందుకండీ దిగులు?"

తెలిసినవాళ్ళ నవ్వు అది. తెలియనివాళ్ళదింకో రకం. కార్లంటే పిచ్చి ఉన్న అమెరికన్లకి కూడా ఆ తరం కార్వెట్ అంటే చిన్నచూపే. అది నాలుగో తరం. అంతకు ముందువాటికి అందమైనవని పేరు, తర్వాతవాటికి వేగమని పేరు, మధ్యలో ఇది ఎవరికీ పట్టనిది. రాఘవులుకి అందుకే అదంటే ప్రాణం. 1983లో రావలసింది, ఆ ఏడాది ఒక్క కారూ అమ్మకానికి రాలేదు. 84 మోడల్‌గా వచ్చినవేమో గతుకుల్లో నడుము విరగ్గొట్టేవి. డాష్‌బోర్డు చూస్తే వీడియో గేమ్. ఇక అక్కణ్ణుంచి దిద్దుతూ వచ్చారు. 90లో లోపలి మీటర్లు మార్చారు. 92లో మూడొందల హార్స్‌పవర్ ఇంజన్ పెట్టారు. 96తో ఆ తరం ముగిసింది. "తప్పు చేసి, ఒప్పుకుని, పన్నెండేళ్ళు దిద్దుకున్న బండి ఇది. మనుషుల్లో ఎంతమందిని చూశావు అలాంటివాళ్ళని?" అని నన్నడిగేవాడు.

కొన్న రోజు నేనూ ఉన్నాను. ఆ కారు బానెట్ ముందు చక్రాల పైభాగాలతో సహా మొత్తం ముందుకి లేస్తుంది, ఇంజనంతా బయటపడుతుంది. సేల్స్‌మన్ దాన్ని ఎత్తి చూపిస్తుంటే నళిని హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న స్టీలు భరిణె తీసింది. రేడియేటర్ పైనుండే నల్ల ప్లాస్టిక్ కవర్ మీద తడి పసుపు మూడు వేళ్ళతో రాసి మధ్యలో కుంకుమ బొట్టు పెట్టింది. సేల్స్‌మన్ చప్పట్లు కొట్టాడు. రాఘవులు దాన్ని ముప్ఫై ఏళ్ళు తుడవలేదు. ఇంజన్ కడిగినప్పుడల్లా ఆ చోటుకి గుడ్డ చుట్టేవాడు. ఇంజన్ వేడికి పసుపు గోధుమరంగుకి తిరిగింది గాని మూడు వేళ్ళ జాడ మాత్రం స్పష్టంగా ఉండేది.

పోయిన సెప్టెంబరులో పెన్సిల్వేనియాలో పాత కార్ల క్లబ్బు ఒకటి పరీక్ష పెట్టింది. ఫ్యాక్టరీలోంచి వచ్చినట్టే ఏమీ మార్చకుండా ఉంచిన కార్లకి సర్టిఫికెట్ ఇస్తారు. రాఘవులు జన్మలో దేనికీ పోటీపడిన మనిషి కాదు. ఈ కాగితం మాత్రం కావాలన్నాడు. ముప్ఫై ఏళ్ళ నవ్వులకి అదొక్కటీ గోడకి తగిలిస్తే చాలన్నాడు.

రాఘవులు, నళిని తమ కారులో, నేను కౌశిక్ కారులో వెళ్ళాం. కౌశిక్ మా పక్కింటాయన, నలభై దాటిన సాఫ్ట్‌వేర్ మేనేజర్. అతనిదీ కార్వెట్టే, ఇంజన్ డ్రైవర్ వీపు వెనకుండే ఎనిమిదో తరం. రెండేళ్ళలో దాని మీద మూడు రంగుల ప్లాస్టిక్ పొరలు అతికించి పీకాడు. చెడ్డవాడు కాదు. అదే నా బాధ.

క్లబ్బు తరఫున పరీక్షించడానికొచ్చిన పెద్దాయన టార్చి వేసి ఇంజన్ మొత్తం చూశాడు. అడ్డకడ్డీ మీద ఎవరో కార్మికుడు చాక్‌తో రాసిన అంకె కనిపిస్తే మురిసిపోయాడు. ఒక బోల్టు మీద పెయింటు చుక్క కనిపిస్తే, "చూశారా, ఇంకా చెక్కుచెదరలేదు! దీనికి ఫుల్ మార్కులు" అన్నాడు. టార్చి రేడియేటర్ మీదికొచ్చి ఆగింది.

"ఈ మరక ఏమిటి?"

"మరక కాదు. కొన్న రోజు నా భార్య పెట్టిన గుర్తు" అన్నాడు రాఘవులు.

"ఫ్యాక్టరీది కాదుగా. తుడిచేయండి, లంచ్ తర్వాత వచ్చి చూస్తాను. మిగతాదంతా అద్భుతంగా ఉంది."

"ఆ చుక్క పెట్టినవాడు కారు బాగుందని చూసి పెట్టాడు. ఈవిడ బాగుండాలని పెట్టింది. బండి ఇంకా ఒక్క మైలైనా తిరగకముందే పెట్టింది."

"నాకర్థమైంది సార్. కాని నా ఫారంలో దానికి చోటు లేదు."

నళిని ముందుకొచ్చింది. "పెట్టింది నేను. తుడవాలో వద్దో మీరూ మీరూ తేల్చుకుంటున్నారు, నన్నొక్కళ్ళూ అడగరేం?"

ఆయన మర్యాదగా తలూపి పక్క కారుకి వెళ్ళిపోయాడు. చాక్ గీత చరిత్రట. పసుపు మురికట. ఆ చాక్ గీసినవాడి చేతికి ఇది ఎక్కడ తక్కువైందో నాకెవరైనా చెప్పాలి.

"తుడవను" అన్నాడు రాఘవులు మాతో. "వస్తే ఇలాగే రావాలి. లేకపోతే లేదు."

ముగ్గురం గడ్డి మీద కూర్చుని నళిని తెచ్చిన పులిహోర తిన్నాం. కౌశిక్ ఏదో ఫోనుందని రాలేదు. మేం తిరిగొచ్చేసరికి కారు దగ్గర స్ప్రే వాసన. రేడియేటర్ కవర్ అద్దంలా మెరుస్తోంది.

"బాబాయ్, ఫిక్స్ చేసేశా!" అన్నాడు కౌశిక్, చేతిలో గుడ్డతో. "మీరు మొహమాటపడుతున్నారని నేనే చేసేశాను. ఇక సర్టిఫికెట్ గ్యారంటీ!"

రాఘవులు ఆ నల్ల ప్లాస్టిక్ వైపే చూస్తూ నిలబడ్డాడు.

"ఏమైంది బాబాయ్? పిన్నీ, ఇంటికెళ్ళాక మళ్ళీ పెట్టేయండి. ఐదు నిమిషాల పని."

"ఐదు నిమిషాల పనే" అంది నళిని. "ఆ రోజు నాకు ముప్ఫై మూడేళ్ళు. అవి కూడా ఐదు నిమిషాల్లో తెచ్చిపెట్టు నాయనా."

కౌశిక్ మొహం మాడిపోయింది. నేను తిట్టాలనుకున్నాను. ఆ గుడ్డ వెనక దాచుకుంటున్న మనిషిని చూస్తే నోరు రాలేదు, కోపం మాత్రం రెట్టింపైంది.

పెద్దాయన తిరిగొచ్చి, టార్చి వేసి, "శభాష్" అన్నాడు. సర్టిఫికెట్ ఖాయమని చెప్పి, సంతకానికి ఫారం అందించాడు. చివర ఒక వరుస ఉంది: కొన్న తర్వాత మార్చినవి, తొలగించినవి ఉంటే రాయవలెను. దాదాపు అందరూ అక్కడ 'లేవు' అని రాస్తారట.

రాఘవులు కళ్ళజోడు పెట్టుకుని, ఫారం కారు మీద ఆన్చకుండా మోకాలి మీద పెట్టుకుని, ఇంగ్లీషులో నిదానంగా రాశాడు. 'రేడియేటర్ కవర్ మీద 1995లో యజమాని భార్య పెట్టిన గుర్తు ఈ రోజు తుడిచివేయబడినది.'

పెద్దాయన చదివి తలెత్తాడు. "సార్, తుడవమన్నది నేనే, కాని కాగితం మీద ఇది రాస్తే నేను సర్టిఫికెట్ ఇవ్వలేను. ఏదో తొలగించారని మీరే ఒప్పుకుంటున్నారు."

"తెలుసు. కారు ఇప్పుడు మారింది. పొద్దున మీరు చూసినప్పుడు మారలేదు."

"బాబాయ్, ప్లీజ్, కొట్టేయండి ఆ లైను..."

రాఘవులు కౌశిక్ వైపు తిరగనేలేదు. సంతకం పెట్టబోతుంటే నళిని ఫారం మీదికి వంగి చదివింది.

"యజమాని భార్య ఏమిటి? నాకు పేరు లేదూ?"

ఆయన ఆ రెండు మాటలూ కొట్టేసి, పైన 'నళిని' అని రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చేశాడు.