నాచారంలో సోలార్ బండి చూసొచ్చాను

భువనగిరి బస్టాండు గేటు పక్కన, మూతబడ్డ హోటలు రేకుల నీడలో మా చిన్నమ్మ సత్తెమ్మ ఆకుకూరలు అమ్ముతుంది. ఎండాకాలం మధ్యాహ్నానికల్లా కట్టలు వాడిపోతాయి, సగం మేకలకు పోతాయి. ఈ ఏడు ఎవరో సార్లు వచ్చి సోలార్ బండి ఇస్తామన్నారట. పైన పలక, కింద చల్లని పెట్టె, కూర సాయంత్రం దాకా తాజాగా ఉంటుందట. ఉప్పల్ వైపు ఇప్పటికే కొందరికి ఇచ్చారని విని చిన్నమ్మ నన్ను పట్టుకుంది. "సదువుకున్నదానివి, జర పోయి సూసి రా బిడ్డా. నువ్వు మంచిదంటే తీసుకుంట." కోర్టు ముందు టైపు కొట్టుకునే మనిషిని, సోలారు గురించి నాకు తెలిసింది సున్నా. అయినా రెండో శనివారం సెలవు కదా అని బయల్దేరాను.

ఏడున్నరకు వరంగల్ నుంచి వచ్చే ఎక్స్‌ప్రెస్ బస్సెక్కాను. బీబీనగర్ దాకా నిలబడే ప్రయాణం. తర్వాత సీటు దొరికింది, పక్కన ఉప్పల్‌లో కూతురింటికి పోతున్న పెద్దావిడ. నారపల్లి దగ్గర పాతిన ప్లాట్ల రాళ్ళు చూపించి, "గీడ మేం నాట్లేసినం. ఇప్పుడు గజాల లెక్క అమ్ముతున్రు" అంది. ఆ తర్వాత దిగేదాకా కిటికీ వైపే చూస్తూ కూర్చుంది.

తొమ్మిదికి ఉప్పల్ రింగురోడ్డులో దిగాను. మెట్రో పనులకని రోడ్డు నడుమ రేకులు కట్టేశారు, అవతలికి దాటడానికే పావుగంట పట్టింది. ఇరవై రూపాయలు పెట్టి ఇడ్లీ తిన్నాను. చట్నీ పేరుతో నీళ్ళు పోశాడు, మీరెవరైనా వెళితే ఇంటి దగ్గరే తిని వెళ్ళండి. ఆ పక్కనే నీలంరంగు పలకతో మొదటి సోలార్ బండి కనిపించింది. సంబరంగా పోయి చూస్తే పెట్టెనిండా నీళ్ళ సీసాలు, మజ్జిగ ప్యాకెట్లు.

"కూరగాయలేవన్నా?" అన్నాను.

"గీ ఎండల కూరగాయలెవ్వరు గొంటరక్కా? నీళ్ళు గొంటరు. మస్తు నడుస్తుంది" అన్నాడు బండాయన. కూర అమ్మేవాళ్ళే లేరా అంటే కాస్త ఆలోచించి, "నాచారంల బాలమణి ఉంది. ఆమె ఒక్కతే" అన్నాడు.

హబ్సిగూడ దాకా ఒక షేర్ ఆటో, అక్కణ్ణుంచి నాచారానికి ఇంకొకటి. చేరేసరికి పదిన్నర. బాలమణి యాభై దాటిన మనిషి. ఫ్యాక్టరీల రోడ్డు మీద నెత్తిన కొంగు కప్పుకుని బండి పక్కన నిలబడి ఉంది. గొడుగైనా లేదు. గొడుగు నీడ పలక మీద పడితే పెట్టె ఆగిపోతుందని సార్లు వద్దన్నారట. మూత తీసి చూపించింది. ఉన్నమాట చెప్పాలి, పుంటికూర, పాలకూర అప్పుడే కోసుకొచ్చినట్టున్నాయి. నాకు ముచ్చటేసింది.

"కూర సల్లగుంది బిడ్డా. నేనే మాడుతున్న" అంది.

ఇదివరకు ఆమె ఎదురుగా ఫ్యాక్టరీ గోడ నీడలో గోనెసంచి పరుచుకుని అమ్మేదట. ఆడవాళ్ళు ఆ నీడలోనే నిలబడి, నాలుగు మాటలు చెప్పుకుంటూ కట్టలు ఏరుకునేవాళ్ళు. పలకకు ఎండ కావాలి గనక బండి రోడ్డు ఇవతలికి వచ్చింది. కొనేవాళ్ళు మాత్రం నీడ వదల్లేదు. నేనున్న గంటలో ఒక్కామె వచ్చింది. మూత ఎత్తకముందే, "డబ్బాలో దాచావంటే నిన్నటివేగా?" అంది.

"కాదమ్మా, పొద్దుగాల తెచ్చిన" అని బాలమణి ఒక కట్ట చేతిలో పెట్టింది. ఆమె దాన్ని తాకి, "ఫ్రిజ్‌లోంచి తీసినట్టే ఉంది" అని తిరిగిచ్చేసి, రోడ్డు దాటి గోడ దగ్గర కొనుక్కుంది. అక్కడివి వాడిపోతుంటే నీళ్ళు చల్లి అమ్ముతున్నారు. నాకు ఒళ్ళు మండింది.

"మల్ల నీ జాగకే పోరాదక్కా?" అన్నాను.

"ఆడ మా సందులామె కూసుంది. నాకు బండొచ్చింది, నువ్వు కూసో అని నేనే అన్న. ఇచ్చిన జాగ ఎట్లడుగుత? ఆమె గూడ బతకాలె."

బండి వాపసు ఇద్దామంటే, ఫోటోలు తీసుకుని పోయిన సార్లు మళ్ళీ కనపడలేదట. రెండు కట్టల పుంటికూర కొని తడిగుడ్డలో చుట్టించుకున్నాను.

ఒంటిగంటకు ఉప్పల్‌లో బస్సెక్కాను. కిటికీలోంచి వడగాలి. ఆ పెట్టె తయారుచేసిన పెద్దమనుషులు ఒక్క పూట ఎండలో నిలబడి కూర అమ్మి ఉంటే బాగుండేదని తిట్టుకుంటూనే ఉన్నాను. ఎవరైనా ఈ బండ్లు చూడ్డానికి పోదలుచుకుంటే ఎండాకాలంలోనే పోండి, పెట్టెలోకి కాదు, పక్కనున్న మనిషి మొహంలోకి చూడండి. చిన్నమ్మతో ఏమనాలో కూడా అనుకున్నాను. బండి మంచిదే, నువ్వు మాత్రం నీడ వదలకు. అంతే.

రెండున్నరకు భువనగిరిలో దిగాను. రేకుల కింద వేరే ఆమె కూర్చుని ఉంది. చిన్నమ్మ గేటవతల ఎండలో గంప పెట్టుకుని నవ్వుతోంది.

"సార్లు పొద్దుగాల్నే వచ్చిన్రు బిడ్డా. మా బిడ్డ సూడవోయింది, ఇంక ఫికర్ లేదని సరేనన్న. రేపు బండి తెస్తరట. పాపం మల్లమ్మ ఎప్పటిసంది ఎండల కూసుంటుందని నా జాగ ఆమెకిచ్చిన."

నా చేతిలో గుడ్డ విప్పి పుంటికూర చూసింది. ఆకు ఇంకా వడలలేదు. మొహం వెలిగిపోయింది. "గంత దూరం వచ్చినా ఎంత మంచిగుందో సూడు" అని మల్లమ్మకు చూపించడానికి రేకుల కిందికి పోయింది. మల్లమ్మ లేచి పక్కకు జరగబోయింది.

"కూసో, కూసో. నీ జాగనే గదా" అంది చిన్నమ్మ, మళ్ళీ ఎండలోకి వస్తూ.